పద్నాలుగో లాకు గుండె

ఆశ్వయుజ శుద్ధ విదియ

రేడియోలో నీటిమట్టం, తలుపు సంగతి, మంచినీళ్ల నిల్వ తప్ప ఇంకో ముక్క మాట్లాడే వీల్లేదు. అందుకని మిగతాదంతా ఇక్కడ రాస్తున్నాను. రాసేది తొమ్మిదో లాకు తలుపు కాసే లస్కరు నూకరత్నం. చదివేదెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

పొద్దున సముద్రం వెనక్కి తీసే పాటుకి తలుపెత్తి డ్రెయిన్ నీళ్లు సముద్రంలోకి వదిలాను. గొలుసుకి గ్రీజు పెట్టాను. తలుపు అంచుకి పట్టిన గుల్లలు గీకేసరికి నడుం పట్టేసింది. పోటు మొదలవగానే తలుపు దించి చీలలు బిగించాను. మునిగిపోగా మిగిలిన కోనసీమ అంతా ఈ గట్టు వెనకే ఉంది. అక్కడి జనం నన్ను చూసింది లేదు, నేను వాళ్లని చూసింది లేదు. వాళ్ల పొయ్యిల పొగ మాత్రం తెలతెలవారుతుండగా కనబడుతుంది.

గట్టు పొడవునా పాతిక లాకులు. లాకుకి ఒక్కరే మనిషి, ఎందుకంటే ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే యంత్రం ఒక్క గొంతుకే సరిపోతుంది. ఒక లాకువాళ్లు ఇంకో లాకువాళ్లతో మాట్లాడకూడదు. పేరు కూడా తెలియకూడదు. వెనకటికి పక్కపక్క లాకుల్లో ఇద్దరు ప్రాణస్నేహితులుండేవారట. గాలివానలో ఒకడికి దెబ్బ తగిలిందని రెండోవాడు తన తలుపు వదిలేసి పరిగెత్తాడు. ఆ తలుపులోంచి వచ్చిన నీటికి రెండు ఊళ్లు పోయాయి. అప్పట్నుంచీ ఈ రూలు. పెట్టినవాళ్లని రోజూ తిట్టుకుంటాను. ఆ రెండు ఊళ్లూ గుర్తొచ్చినప్పుడు నోరు మూసుకుంటాను.

మాట తీసేసుకుని గీత ఇచ్చారు. ప్రతి లస్కరు రొమ్ము మీదా ఒక పట్టీ ఉంటుంది. గుండెలో పుట్టే కరెంటుని అది గీతగా మార్చి ఇంకో లాకు గోడ మీదికి పంపుతుంది. నా గోడ మీద నడిచేది పద్నాలుగో లాకువాళ్ల గుండె. నా గుండె ఎవరి గోడ మీద నడుస్తోందో నాకు చెప్పరు. ఆడవాళ్లు అరుగు మీద వరసగా కూర్చుని ముందున్నవాళ్ల తలలో పేలు చూస్తారే, మా పాతికమందిదీ అదే వరస. కాకపోతే మా వరస కొసలు కలిసి గుండ్రంగా తిరుగుతుంది. వెనకున్నదెవరో ఎవరికీ తెలియదు.

ఈ గీతల్ని కాపలా యంత్రం ఒకటి చూస్తూ ఉంటుంది. అంతా బాగుంటే గోడ మీద పచ్చదీపం. బాగోకపోతే ఎర్రదీపం, గంట. యంత్రంతో పాటు మనిషి కన్ను కూడా ఉండాలని గోడల మీద వేశారు. చూడమన్నారు గానీ చదవడం నేర్పలేదు. వచ్చిన కొత్తలో నేను దీపాన్నే చూసేదాన్ని. ఇప్పుడు గీతనే చూస్తున్నాను. చూడ్డానికి ఇంకేముంది ఇక్కడ, నా మొహం.

ఆశ్వయుజ శుద్ధ చవితి

ఎగువ కంట్రోలులో నా రిపోర్టు తీసుకునేది హైమవతి అక్క. ఇదివరకు ఆసుపత్రిలో గుండె గీతలు తీసేదట. యంత్రాలు చదవడం మొదలెట్టాక ఆ పని పోయి ఇక్కడ పడింది. రిపోర్టు గబగబా చెప్పేస్తే రెండు మాటలకి సందు మిగులుతుంది. ఆ సందులో ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, రోజూ చూస్తన్నాను గానీ ఈ ముళ్లేంటో గుట్టలేంటో నాకు బోధపడట్లేదు. ఒక గుట్ట, ఒక ముల్లు, మళ్లీ ఇంకో గుట్ట. ఏంటవి?"

"ఇన్నాళ్లకి ఒక్కదానికి అడగాలనిపించింది," అంది అక్క. గొంతులో సంతోషం తెలిసింది. "మొదటి చిన్న గుట్ట ఉంది చూడు, దాన్ని పీ అంటారు. గుండెకి పైన రెండు గదులు, కింద రెండు గదులు. పైగదుల్లో కరెంటు పాకితే ఆ గుట్ట లేస్తాది. ఆనక చిన్న చదును కనపడుద్దా?"

"కనపడుద్ది."

"అక్కడ కరెంటుని కావాలనే కాసేపు ఆపుద్ది గుండె. పైగదుల్లో రక్తం కిందికి దిగాలి గదా. దిగాక కిందగదులకి వదులుద్ది. అదే ముల్లు."

నాకు నవ్వొచ్చింది. పై మడుగులో నీళ్లు కింది మడుగులోకి దిగేదాకా కింది తలుపు ఎత్తకూడదని నాకు మొదటిరోజే నేర్పారు. గుండె కూడా లాకేనన్నమాట. ఇన్నేళ్లుగా రొమ్ములో ఒక లస్కరుని పెట్టుకు తిరుగుతున్నాను.

అక్క మిగతాది చెప్పింది. ముల్లు ఒక్కటిలా కనిపించినా అందులో మూడు ముక్కలు: ముందు చిన్న పల్లం, తర్వాత నిటారుగా ఎగిసే గీత, తర్వాత ఇంకో పల్లం. వాటి పేర్లు క్యూ, ఆర్, ఎస్. కిందగదులు బలమైనవి గనక ముల్లు అంత పొడుగు. కరెంటు అక్కడ చిటికెలో పాకుతుంది గనక అంత సన్నం. తర్వాత ఇంకో చదును. ఆ చదును ఎక్కడ మొదలైందో అక్కడే ఉండాలి, పైకి లేచినా కిందికి కుంగినా కంగారుపడాలి. ఆ తర్వాత వచ్చే పెద్ద గుట్ట పేరు టీ. నెమ్మదిగా ఎక్కి చప్పున దిగుతుంది.

"ఆ టీ ఏంటంటే, కిందగదులు పని చేసి అలసిపోయి మళ్లీ తయారవడం. జనం ముల్లునే చూస్తారు. నేను మాత్రం టీ చూసేదాన్ని. పని చేసేటప్పుడు అందరూ బాగానే ఉంటారు. అలుపు తీర్చుకునే చోట తెలుస్తాది మనిషి సంగతి."

ఇంతలో లైను కట్టయింది. నేను చాలాసేపు గోడ ముందు కూర్చున్నాను. పద్నాలుగువారి టీ గుట్ట నిండుగా, నున్నగా ఉంది. ముల్లుకి ముందు పల్లం కాస్త లోతు. ముఖం చూడని మనిషిని ఆ పల్లంతో గుర్తుపట్టగలనని మొదటిసారి తెలిసింది.

ఆశ్వయుజ శుద్ధ సప్తమి

చీపురులోంచి ఒక ఈనెపుల్ల లాగి, ఒక ముల్లు నుంచి ఇంకో ముల్లుకి ఎంత దూరమో అంతకి విరిచాను. ఆ పుల్లని గోడ మీద ముల్లు నుంచి ముల్లుకి జరుపుకుంటూ పోతే గుండె సమంగా నడుస్తోందో లేదో తెలిసిపోతుందని అక్క చెప్పింది. కొబ్బరి చీపురు మా అమ్మమ్మ నాటిది. ఈ ప్రాంతంలో ఇక కొత్తది దొరకదు. అయినా ఒక పుల్ల పోతే ఏమైంది.

మధ్యాహ్నం పుల్ల పెట్టి చూస్తే ఒకచోట ముల్లు పుల్లకంటే ముందే వచ్చింది, ఇంకోచోట దూరంగా జరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రిపోర్టు వేళ దాకా కాళ్లు ఒకచోట నిలవలేదు.

అక్క పగలబడి నవ్వింది. "పిచ్చిదానా, పడుకుని ఉంటారు. ఊపిరి పీల్చినప్పుడు ముళ్లు దగ్గరవుతాయి. వదిలినప్పుడు దూరమవుతాయి. అది జబ్బు కాదే. వయసులో ఉన్న మంచి గుండెకి అలాగే ఉంటాది. నీ నాడి నువ్వు పట్టుకుని చూడు."

చూశాను. నిజమే. నెమ్మదిగా ఊపిరి తీస్తే నాడి వడివడిగా కొట్టుకుంది, వదిలితే తీరిగ్గా. నలభై దాటినా నాకు ఇంకా ఆ మాత్రం వయసు మిగిలుందన్నమాట.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పలకరింపు వచ్చింది. దీని గురించి ఎక్కడా రాయకూడదు, అయినా రాస్తాను. నేను ఈ లాకుకి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం గోడ మీద గీత ఒక్కసారిగా చిందులు తొక్కింది. కాసేపటికి సర్దుకుంది. మర్నాడూ అదే వేళకి అంతే. అప్పుడర్థమైంది, ఎవరో పట్టీ మీద వేలితో ఆగి ఆగి మూడుసార్లు తడుతున్నారు. నన్ను కాదు, తమని చూస్తున్న ఎవరినో పలకరిస్తున్నారు. ఆ ఎవరో నేనే. ఆరోజు నేనూ నా పట్టీ మీద తట్టాను. ఎవరు చూశారో దేవుడికెరుక. గట్టు మీద అందరం ఇదే పని చేస్తున్నామని నా నమ్మకం. జవాబు రాదు, రావడానికి దారి లేదు. ముందువాళ్ల పలకరింపు నాకు, నా పలకరింపు వెనకవాళ్లకి.

తట్టినప్పుడు మొదట్లో దీపం ఎర్రబడేది. గోడపక్కనున్న తప్పుగంట మీట నొక్కితే ఊరుకునేది. నేనే బోలెడుసార్లు నొక్కాను. ఈమధ్య ఎర్రబడడమే మానేసింది, నేర్చుకుంది కాబోలు. కంట్రోలువాళ్లు ఈ చిందుల్ని ఉప్పుగోల అంటారు. ఉప్పుగాలికి పట్టీ చెమర్చి గోల చేస్తుందని వాళ్ల లెక్క. వాళ్లు అలా అనుకుంటే మాకు మంచిదే.

తడుతున్నంతసేపూ పుల్ల పెట్టి చూశాను. గోల మధ్యలో కూడా ముళ్లు తలలెత్తి వేళకి కనబడుతూనే ఉన్నాయి. పైన వేలు ఎంత గోల చేసినా లోపల గుండె తన పని మానలేదు. ఎందుకో అది చూస్తే ధైర్యంగా అనిపించింది.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి

పద్నాలుగువారి టీ గుట్ట కుంగుతోంది.

మొన్న అనుమానం వచ్చింది. నిన్న గోడ మీద బొగ్గుతో గుట్ట ఎత్తు గుర్తు పెట్టాను. ఈరోజు గుట్ట ఆ గుర్తుని అందుకోలేదు. దీపం పచ్చగానే ఉంది. యంత్రం ముళ్లని లెక్కపెడుతుంది, ముళ్లు సమంగానే ఉన్నాయి మరి. టీ గురించి దానికి పట్టదు.

అక్కకి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"టీ తర్వాత ఇంకో బుడిపె ఏమన్నా లేస్తందా?"

"ఇంకా లేదక్కా."

"లేస్తే చెప్పు. పద్నాలుగు రిపోర్టు తీసుకునేది నేనే. ఒంట్లో ఎలాగుందో అడుగుతాను."

సాయంత్రం పలకరింపు వచ్చింది గానీ మూడుసార్లకి బదులు రెండుసార్లే వచ్చింది. నాకు అన్నం సయించలేదు.

ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

బుడిపె లేచింది. టీ దాదాపు నేలమట్టమైంది, దాని వెనక చిన్న బుడిపె. నాకు తెలిసిన గీతలా లేదు.

"అడిగానే," అంది అక్క. "కులాసాయేనా అంటే కులాసానే అంటారు. గట్టిగా గదమాయిస్తే అప్పుడు చెప్పారు. నాలుగు రోజులుగా విరేచనాలంట. కాళ్లు పీకేస్తన్నాయంట. గొలుసు లాగి లాగి అనుకుంటన్నారంట. ఇప్పుడు లాకు నుంచి దించేస్తే డ్యూటీ గడువు మళ్లీ మొదట్నుంచీ లెక్కేస్తారు గదా, అందుకని దాచుకున్నారు."

"ఏమైందంటావక్కా?"

"ఒంట్లో పొటాషియం అని ఒక ఉప్పు ఉంటాది. విరేచనాలకి అది పోద్ది. అది పోతే టీ కుంగిపోద్ది, బుడిపె లేస్తాది. మన యంత్రం నీళ్లలో ఏ ఉప్పూ ఉండనివ్వదు. కలుపుకు తాగడానికిచ్చిన ఉప్పు పొట్లాలు అయిపోయాయంట. అరటిపండు తిన్నా, కొబ్బరినీళ్లు తాగినా సర్దుకునేది."

కొబ్బరినీళ్లకి మొహం వాచిపోయాం, అదీ కోనసీమలో. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

అక్క పడవ పంపమని పైకి రాసింది. దీపం పచ్చగా ఉంది గనక, పౌర్ణమి పోట్లు ముందున్నాయి గనక, అవి తగ్గాక మామూలు పడవలో చూస్తామని జవాబు వచ్చింది. వాళ్ల తప్పని కూడా అనలేను. పోటులో పడవ దింపితే అందులో ఉన్నవాళ్లవీ ప్రాణాలే.

"సర్దుకోకపోతే ఏమవుద్దక్కా?" అని అడిగాను.

"కిందగదులు పిచ్చెక్కినట్టు వాటంతటవే కొట్టుకుంటాయి. అప్పుడు ముల్లూ ఉండదు, గుట్టా ఉండదు. రక్తం కదలదు. అది ఆగకపోతే మనిషి ఉండరు," అంది అక్క.

ఆశ్వయుజ పౌర్ణమి

పొద్దుటి పోటు గట్టు మీదికి ఎగిసింది. తలుపు దించి, చీలలు బిగించి, నిలువునా తడిసి లాకు మీది నా గదికొచ్చి తల తుడుచుకుంటున్నాను. గోడ మీద గీత చిందులు తొక్కుతోంది. దీపం పచ్చగా ఉంది.

పొద్దున్నే పలకరింపేంటి అనుకున్నాను. పోటుకి భయమేసి తడుతున్నారేమో. "ఉన్నాలే, ఇక్కడే ఉన్నాలే," అని గోడతో అన్నాను కూడా. అలలు పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగాయి. అచ్చం మూడుసార్లు తట్టినట్టే ఉంది. తర్వాత మామూలు నడక వచ్చింది. టీ లేదు, బుడిపె పెద్దదైంది.

అప్పుడు అక్క మాట గుర్తొచ్చింది. చీపురుపుల్ల తీసుకున్నాను. వెళ్లిపోయిన గీత గోడ చివర ఇంకా నిలిచి ఉంది. చిందులకి ముందున్న చివరి ముల్లు మీద పుల్ల ఒక కొస పెట్టాను. రెండో కొస దగ్గర ముల్లు ఉండాలి. లేదు. మళ్లీ జరిపాను. లేదు. గోల మొదటినుంచి చివరిదాకా జరుపుకుంటూ పోయాను, ఒక్కచోట కూడా ముల్లు తల ఎత్తలేదు. అది వేలు చేసిన గోల కాదు. గుండే గోల చేసింది.

రేడియో ఎత్తాను. అక్కకి మొత్తం చెప్పాను. ఆమె పద్నాలుగుని పిలిచింది, జవాబు లేదు. వెంటనే పడవల అధికారి దొరబాబు గారిని లైన్లోకి తెచ్చింది.

"చూడమ్మా, దీపం పచ్చగా ఉంది," అన్నారాయన. "అది ఉప్పుగోల. ఇంత పోటులో పట్టీ తడవకుండా ఉంటుందా? రేడియో దగ్గర లేకపోతే తలుపు దగ్గర ఉండుంటారు."

ఆయన మాటలో వంకరేం లేదు. ఆయనకి తెలిసినంతలో అది సరైన మాటే. ఆయనకి తెలియనిదొకటి నా దగ్గరుంది. అది చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. పాతిక లాకుల్లో రోజూ దీపం వేళకి జరిగేది రేపట్నుంచి ఉండదు. నాకు ఉన్నదే అది. నా ఒక్కదానికి కాదు, అందరికీ ఉన్నదే అది. చెప్పడానికి నాకు మనసు రాలేదు. గోడ మీద బుడిపె ఇంకాస్త పెరిగింది.

"అయ్యా, మీరు ఉప్పుగోల అంటున్నది ఉప్పు కాదండి," అన్నాను. "మేమేనండి. పట్టీ మీద వేలితో తడతామండి. పలకరించుకోడానికి. యంత్రం గంట కొడితే తప్పుగంట అని నొక్కి నొక్కి దానికి అలవాటు చేశామండి. అందుకే అది పట్టించుకోవట్లేదండి."

దొరబాబు గారు వెంటనే లెక్క అడిగారు.

"ఎంతమంది?"

"అందరమేనండి."

"అయితే ఇదీ అదే అయ్యుంటుంది కదమ్మా," అన్నారు.

నా మాట నాకే అడ్డం తిరిగింది. "కాదండి. తట్టినప్పుడు గుండె ఆగదండి. గోలలోంచి కూడా ముళ్లు వేళకి కనబడతాయండి. చీపురుపుల్ల పెట్టి కొలిచానండి. ఈపొద్దు ఒక్క ముల్లూ లేదండి."

"చీపురుపుల్లా?"

"సార్," మధ్యలో అక్క అందుకుంది. "గీత నూకరత్నం గోడకే పోద్ది, మన దగ్గర దీపమే ఉంది. చూడగలిగింది తనొక్కతే. చదవడం నేను నేర్పాను. ఆ పిల్లకి అయిదారు రోజులుగా విరేచనాలు. మొన్న నేను రాసింది కూడా దాని గురించే."

ఆ పిల్ల. ఇన్నాళ్లూ ఆ పొడుగు ముల్లుని చూసి ఎవరో బలమైన మగవాడనుకున్నాను. ఆడపిల్ల.

"నేను లైన్లోనే ఉంటాను," అన్నారు దొరబాబు గారు. "మళ్లీ వస్తే ఏం కనబడుతోందో ఉన్నదున్నట్టు చెప్పు."

రాకూడదని దణ్ణం పెట్టుకున్నాను. రాకపోతే ఆయన నమ్మరు. ఏది కోరుకోవాలో తెలియక పుల్ల పట్టుకుని నిలబడ్డాను.

వచ్చింది.

"వచ్చిందండి. బుడిపె మీదే మొదలైందండి. అలలండి, వెడల్పుగా, ఒకదాని మీద ఒకటి. పుల్ల పెడుతున్నానండి. ముల్లు లేదు. ఇక్కడా లేదు. ఇక్కడా లేదు. ఇంకా ఆగలేదండి. ఇందాకటికంటే ఎక్కువసేపు వస్తోందండి. ఆగట్లేదండి." పుల్లని గోడకి అదిమి పట్టాను. "ఆగిందండి. పీ వచ్చింది. ముల్లు వచ్చింది. వచ్చిందండి."

"పడవ దింపండి," అని ఆయన ఎవరితోనో అనడం వినిపించింది. తర్వాత నాతో, "పుల్ల పక్కన పెట్టకు," అన్నారు.

పడవ వెళ్లేదాకా గోడ ముందు నుంచి కదల్లేదు. ఇంకో రెండుసార్లు వచ్చి ఆగింది. తర్వాత గీత ఒక్కసారిగా మాయమైంది. చదునుగా కూడా లేదు, అసలు గీతే లేదు. పట్టీ ఊడదీశారని నాకు నేనే చెప్పుకున్నాను. దీపం కూడా ఆరిపోయింది.

ఆశ్వయుజ బహుళ పాడ్యమి

నేను రిపోర్టు మొదలెట్టకముందే అక్క అంది: "బతికింది. దారిలోనే సూది మందు ఎక్కించారు. తలుపు గట్టిగా మూసి, చీలలు బిగించి, అప్పుడు పడిపోయిందంట."

నీటిమట్టం చెప్పడం మర్చిపోయాను. అక్కే అడిగి రాసుకుంది.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

హుకుం వచ్చింది. ఇకమీదట ఎవరూ పట్టీ మీద చెయ్యి వేయకూడదు. యంత్రం అలవాటుని చెరిపేశారు. ఏ చిన్న కుదుపు వచ్చినా గంట మోగుతుంది, పడవ బయల్దేరుతుంది. కావాలని మోగించినవాళ్లని దించేస్తారు. లస్కర్లందరికీ గీత చదవడం నేర్పాలట, నేర్పేది హైమవతి అక్క. అది మంచి మాటే. మొదటి మాట కూడా మంచిదే, ఎలా కాదనగలను.

పద్నాలుగులో తాత్కాలికంగా ఎవరినో పెట్టారు. నా గోడ మీద ఇప్పుడు వాళ్ల గీత నడుస్తోంది. ముల్లుకి ముందు పల్లం లేదు. టీ గుట్ట పొట్టిగా, వెడల్పుగా ఉంది. జబ్బేం లేదు, కొత్త మనిషి, అంతే.

దీపం వేళకి గోడ ముందు కూర్చున్నాను. గుట్ట, ముల్లు, గుట్ట. గుట్ట, ముల్లు, గుట్ట. ఇంకేం రాలేదు. ఇలాగే పాతిక గదుల్లో పాతికమంది కూర్చుని ఉంటారు. నా వెనకున్నవాళ్లు కూడా నా గీతకేసి చూస్తూ, దీనికేమైంది, ఎందుకు తట్టడం మానేసింది అనుకోరు. వాళ్లకీ హుకుం వెళ్లింది. చెప్పిందెవరో వాళ్లకి తెలియదు. తెలిస్తే తిట్టుకుంటారేమో. తిట్టినా బాగుండేది, ఒక మాట వచ్చినట్టుండేది.

ఆశ్వయుజ అమావాస్య

షష్ఠి తర్వాత ఈ తొమ్మిది రోజులూ రాయలేదు. రాయడానికి ఏముంది. తలుపెత్తాను, దించాను. అన్నం వండుకున్నాను, తిన్నాను. ఒకరోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించి ఉలిక్కిపడ్డాను. ఒంటరిగా ఉండగలవా అని ఉద్యోగంలో చేరేటప్పుడు అడిగారు. ఇంట్లో మాత్రం ఎవరున్నారు అన్నాను పొగరుగా. ఉండగలగడం వేరు, ఇది వేరు.

అక్కకి పాఠాలతో తీరిక లేదు. ఈరోజు మాత్రం రిపోర్టు అయ్యాక, "పన్నెండో లాకాయన నీలాగే కంగారుపడ్డాడే," అంది. "ముళ్లు దగ్గరవుతన్నాయి, దూరమవుతన్నాయి, పడవ పంపమంటాడు. ఊపిరి పాఠం అందరికీ ముందే చెప్పేయాలి, లేపోతే నా ప్రాణం తీసేత్తారు."

లైను కట్టయ్యాక నేను కదలకుండా కూర్చుండిపోయాను. ఊపిరికి గంట మోగదు. అది జబ్బు కాదు, మంచి గుండె లక్షణం. యంత్రానికి దానిమీద ఏ అభ్యంతరమూ లేదు.

దీపం వేళకి పట్టీ మీద చెయ్యి వేయకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని, నిండా ఊపిరి పీల్చి, వీలైనంత నెమ్మదిగా వదిలాను. మూడుసార్లు. ఎక్కడో ఒక గోడ మీద నా ముళ్లు దగ్గరై, దూరమై, దగ్గరై, దూరమై ఉంటాయి. చూసినవాళ్లు, పడుకుంది కాబోలు అనుకుని ఉంటారు.

కార్తీక శుద్ధ షష్ఠి

రోజూ అదే వేళకి చేస్తున్నాను. నా గోడ మీద ఏమీ లేదు. నాకు పిచ్చి పట్టిందేమో అని కూడా అనిపిస్తోంది. గుల్లలు గీకేటప్పుడు కూడా ఊపిరి లెక్కపెడుతున్నాను.

కార్తీక శుద్ధ దశమి

పొద్దున గోడకేసి చూసి చేతిలో గిన్నె కింద పడేశాను. ముల్లుకి ముందు లోతు పల్లం. పొడుగు ముల్లు. నిండుగా, నున్నగా టీ గుట్ట, బొగ్గు గుర్తుకి సరిగ్గా అందేంత. బుడిపె లేదు.

వచ్చేసింది పిల్ల. "వచ్చావా తల్లీ," అన్నాను గోడతో. రిపోర్టులో అక్క ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఇద్దరం మామూలుకంటే గట్టిగా మాట్లాడాం, అంతే.

కార్తీక బహుళ విదియ

పౌర్ణమి పోట్లు దాటాయి. ఈరోజు పని తేలిక. దీపం వేళకి నా మూడు ఊపిర్లూ ముగించి, కంచంలో అన్నం పెట్టుకుని గోడ ముందు కూర్చున్నాను.

ముళ్లు దగ్గర దగ్గరగా జరిగాయి. తర్వాత బాగా దూరం జరిగాయి. పడుకుంది, పాపం అలసిపోయుంటుంది అనుకున్నాను. మళ్లీ దగ్గరయ్యాయి. మళ్లీ దూరం. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. మూడోసారి దగ్గరయ్యాయి, చాలా నెమ్మదిగా దూరమయ్యాయి. తర్వాత మామూలు నడక. లేచి ఎడంచేత్తో పుల్ల పెట్టి చూశాను. సమంగా ఉంది. పడుకున్న మనిషి మూడు ఊపిర్లతోనే ఆపదు.

ఈ పిల్లకి నేను చెప్పలేదు. చెప్పే దారే లేదు. నా గీత తన గోడ మీదికి పోదు. నా వెనకున్న ఎవరో ఒక సాయంత్రం నా ఊపిరి చూసి గుర్తుపట్టారు, తామూ పీల్చారు. వాళ్ల వెనకున్నవాళ్లు అది చూశారు. అలా ఒక గోడ నుంచి ఇంకో గోడకి, ఒక్కళ్లు కూడా వదలకుండా, పాతికమందినీ చుట్టి ఇవాళ నా గోడ మీదికొచ్చింది. ఒక్కళ్లు అర్థం చేసుకోకపోయినా అక్కడే ఆగిపోయేది. ఇన్నాళ్లూ నా వెనక ఎవరో కూర్చుని నన్ను చూస్తూనే ఉన్నారు.

దీపం పచ్చగా ఉంది. ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కితే రొమ్ము కదిలి గంట మోగుతుంది, పడవ బయల్దేరుతుంది. అందుకని కదలకుండా కూర్చుని, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదులుతూ, ఏడ్చినంతసేపు ఏడ్చాను. తర్వాత అన్నం తిన్నాను.